వాయవ్యంలో వంటిల్లు

మిరపకాయ బజ్జీల రెండో వాయి ఎంతకీ రాకపోయేసరికి, నేను వంటింట్లో పడిపోయానన్న సంగతి మా ఇంట్లో వాళ్ళకి తెలిసింది.

మొదటి వాయి అప్పటికే హాల్లోకి వెళ్ళింది. అక్కడ మా మామయ్యగారు పున్నారావుగారు ప్రెసిడెంటుగా మా వీధి అసోసియేషన్ మీటింగు జరుగుతోంది. తెనాలి, మే నెల, సాయంత్రం కావస్తోంది. తలుపులు బిగించి, ఏసీ వేసుకుని వీధిలో మగవాళ్ళంతా కూర్చున్నారు. వీధికి రెండు పక్కలా ఉన్న కానుగ చెట్లు తీయించేసి, టైల్స్ పరిపించి, కార్లు పెట్టుకునే జాగా చేయాలని మాట్లాడుకుంటున్నారు. నేను శనగపిండిలో వాము నలిపి వేస్తూ వింటున్నాను. "చెట్లున్నాయనే కదండీ చేపలమ్మేవాళ్ళూ ఆటోవాళ్ళూ వచ్చి చేరుతున్నారు" అని ఒకరన్నారు. "చెట్ల బదులు పూలకుండీలు పెడదాం, నీటుగా ఉంటుంది" అని మా ఆయన రాజీవ్ అన్నారు. ఆ మాట బాగుందని అందరూ మెచ్చుకున్నారు. నూనె కాగుతోంది. ఎదురుగా పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా నా మొహం మీద పడుతోంది. కళ్ళు మూసుకున్నా ఎర్రగానే ఉంది. చెమట కారడం ఎప్పుడో ఆగిపోయింది, అది మంచి లక్షణం కాదని నాకు తెలుసు, కానీ ఈ ఒక్క వాయి దించేసి కాసేపు కూర్చుందామనుకున్నాను. గట్టు పట్టుకున్నాను. గట్టు రాయి కూడా కాలుతోంది. అంతవరకే గుర్తు.

బజ్జీలు ఏమయ్యాయో చూడమని మామయ్యగారు పంపిస్తే అత్తయ్య వచ్చింది. ఆవిడ ముందు పొయ్యి కట్టేసింది, తర్వాత నన్ను చూసింది. ఈ మాట తర్వాత ఆవిడే చెప్పింది. నాకేం కోపం రాలేదు. నేనైనా అంతే చేసేదాన్ని. మంట ముందు, మనిషి తర్వాత అని మా చేతులకి అలవాటైపోయింది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. "ఎండలో ఎక్కడైనా తిరిగారా?" అని అడిగింది.

"లేదండి. ఇంట్లోనే ఉన్నాను."

మా ఆయన నవ్వారు. "ఇంట్లో ఉండి వడదెబ్బేంటి డాక్టర్ గారూ? నేను రోజంతా షాపనీ పొలాలనీ తిరుగుతాను. నాకేం కాలేదు."

ఆవిడ నా వైపే చూసి, "ఇంట్లో ఎక్కడున్నారు?" అంది.

"వంటింట్లో."

"ఈ నెలలో వంటింట్లోంచి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారండీ" అంటూ మందులు రాసింది. మా ఆయన ఫోన్ చూసుకుంటున్నారు.

పక్క మీద పడుకుని ఆ ప్రశ్న గురించే ఆలోచించాను. ఇంట్లో ఎక్కడ? పెళ్ళై ఇన్నేళ్ళయింది, నన్నెవరూ ఇలా అడగలేదు. ఇంట్లో ఉంటుందంటే నీడపట్టున ఉంటుందనే లెక్క. మా ఇంట్లో అందరం ఒకే ఎండలో, ఒకే చల్లదనంలో ఉన్నామని నేను కూడా అనుకుంటూ వచ్చాను.

మా ఇల్లు పడమటి ముఖం. ఆగ్నేయంలో కుదరక వంటిల్లు వాయవ్యంలో పెట్టారు. అదీ మంచిదేనని సిద్ధాంతి చెప్పాడట. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండ ఆ గోడనే కొడుతుందని ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఈ మేడ కట్టాక చాలా ఏళ్ళు నాకూ తెలియలేదు. కిటికీ ఎదురుగా, గేటు పక్కన కానుగ చెట్టు ఉండేది. దాని కొమ్మలు కిటికీ ఊచల దాకా వచ్చేవి. ఎండ ఆ ఆకుల్లో పడి ముక్కలైపోయి, గట్టు మీద ఎక్కడో నాలుగు చుక్కలు రాలేది. రేపల్లె నుంచి పొద్దున్న రైలుకొచ్చే గంగరత్నం చేపల తట్ట ఆ చెట్టు కిందే దించి, చెంగుతో మొహం తుడుచుకుని, అక్కడే కూర్చుని నాకు చేపలు బాగు చేసి ఇచ్చేది. నేను గిన్నె పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. ఆ కాసేపూ నా చేతుల్లో పని లేకుండా బయట కూర్చోవడానికి నాకు దొరికిన వంక అది.

మార్చిలో మా ఆయన కొత్త కారు కొన్నారు. చెట్టు కింద పెడితే పూలు రాలుతున్నాయి, పిట్టలు రెట్టలేస్తున్నాయి. నేను కాకుమానులో మా పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళి మర్నాడు వచ్చేసరికి చెట్టు లేదు. "చూశావా, వంటింట్లోకి ఎంత వెలుతురొచ్చిందో. పగలు లైటు వేసుకోనక్కర్లేదు" అన్నారు ఆయన, నాకోసం ఏదో తెచ్చిపెట్టినట్టు. నేను నిజంగానే చాలా సేపు ఆ వెలుతురులో నిలబడిపోయాను. గట్టు మీద జిడ్డు మరకలు, పోపుల డబ్బా మీద గీతలు, అన్నీ కనబడుతున్నాయి. అత్తయ్య వచ్చి, "ఇన్నాళ్ళూ ఈ మురికి కనబడలేదు" అంది. ఆ సాయంత్రం గట్టంతా రుద్ది కడిగాను.

ఏప్రిల్ వచ్చేసరికి వంటింటి గోడ ముట్టుకుంటే చురుక్కుమనేది. అప్పటికే ఇంట్లో మూడు ఏసీలున్నాయి. హాల్లో ఒకటి, మా గదిలో ఒకటి, మామయ్యగారి గదిలో ఒకటి. వాటి బయటి డబ్బాలు ముందువైపు పెడితే ఇంటి అందం పోతుందని, మూడూ వంటింటి పక్కన గిన్నెలు తోముకునే వసారాలో బిగించారు. వాళ్ళ గదుల్లోంచి తీసేసిన వేడంతా నా దగ్గరికొచ్చేది. చెట్టున్నన్నాళ్ళూ దాన్ని ఎలాగో ఓర్చుకున్నాను, చెట్టు పోయాక అటు డబ్బాల వేడి, ఇటు ఎండ, మధ్యలో పొయ్యి. ఒకసారి అడిగాను. "వంటింట్లో ఏసీ ఏంటి నీరజా, పొయ్యి ఆరిపోదూ?" అన్నారు ఆయన. "మేం కట్టెల పొయ్యి మీద వండలేదా?" అంది అత్తయ్య. అవును, వండింది. ఆ పొయ్యి పెరట్లో, చెట్టు కింద ఉండేదని ఆవిడే ఒకప్పుడు చెప్పింది. ఆ మాట గుర్తు చేయాలనిపించింది కానీ చేయలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక మా అక్క సౌజన్య వచ్చి నన్ను బాపట్ల తీసుకెళ్ళింది. "నాలుగు రోజులు ఉంచుకుని పంపిస్తాను మావయ్యగారూ" అంటే మా మామయ్యగారు ఒప్పుకున్నారు గానీ, "వంటకి ఎవర్నైనా చూసి వెళ్తే బాగుండేదమ్మా" అన్నారు నాతో.

నేను చదువుకుంది బాపట్లలోనే, వ్యవసాయ కళాశాలలో. ఒక సాయంత్రం అక్కతో కలిసి ఆ కాలేజీ ఆవరణలోకి నడిచాను. రోడ్డు మీద నుంచి గేటు దాటి పెద్ద చెట్ల కిందకి వెళ్ళగానే ఒంటి మీద తడిగుడ్డ కప్పినట్టయింది. అక్క ఫోన్ మాట్లాడుతూ ముందుకెళ్ళిపోయింది. నేను ఆగిపోయాను. మొదటి సంవత్సరం ప్రాక్టికల్ గుర్తొచ్చింది. పొద్దున్నే ఒక కొమ్మకి పాలిథిన్ కవరు తొడిగి మూతి బిగించి కట్టేవాళ్ళం. మధ్యాహ్నానికి కవరు లోపలంతా నీటి చుక్కలు పట్టి, అడుగున నీళ్ళు చేరేవి. వేళ్ళు పీల్చిన నీటిని ఆకులు ఆవిరి చేసి వదులుతాయి, ఆ పనికి చుట్టూ ఉన్న వేడిని తీసుకుంటాయి. బాష్పోత్సేకం. బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. మా కానుగ చెట్టు ప్రతి మధ్యాహ్నం ఆ పనే చేస్తూ ఉండేదని, నా పక్కన నిలబడి నాతోపాటు వంటింటి పని చేస్తూ ఉండేదని, దాన్ని కొట్టేశాక గానీ నాకు తట్టలేదు. జీతం లేని పని కనబడదు. మానేసినప్పుడే తెలుస్తుంది.

నా డిగ్రీ ఇప్పుడు మా షాపులో గోడ మీద ఉంది. మాది ఎరువులూ పురుగుమందుల షాపు. వ్యవసాయ డిగ్రీ ఉన్నవాళ్ళ పేరు మీదైతే లైసెన్సు సులువని పెళ్ళైన ఏడాదే నా సర్టిఫికెట్ అద్దం కట్టించి పెట్టారు. రైతులు ఆకులు పట్టుకొచ్చి మా ఆయన్ని అడుగుతారు. ఆయన రాత్రి అన్నం తింటూ నన్నడిగి, పొద్దున్న వాళ్ళకి చెబుతారు. ఇల్లు కూడా అంతే. పాత పెంకుటిల్లు తీసేసి మేడ కట్టేటప్పుడు, ఆడవాళ్ళ పేరు మీదైతే బ్యాంకు లోనుకి వడ్డీ తక్కువని నా పేరు మీదకి మార్చారు. పచ్చ సిరా గుర్తులున్న చోటల్లా సంతకం పెట్టాను. ఏం చదవలేదు. కుక్కరు కూత వేస్తే లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చి మిగతావి పెట్టాను.

తెనాలి తిరిగొచ్చిన మర్నాడు, టిఫిన్ దగ్గర మా ఆయన ఒక కాగితం నా పళ్ళెం పక్కన పెట్టారు. "ఇక్కడో సంతకం పెట్టు."

"ఏంటండీ ఇది?"

"ఏం లేదు. చెట్లు తీయడానికి ఇళ్ళ యజమానుల సంతకాలు కావాలన్నారు. మనింటికి నువ్వు కదా."

"పెట్టేయమ్మా, మధ్యాహ్నానికల్లా అందరివీ చేరాలి" అన్నారు మామయ్యగారు పేపరు వెనక నుంచి.

నేను కాగితం మొత్తం చదివాను. వాళ్ళకది కొత్తగా ఉంది. ఇద్దరూ ఇడ్లీ తినడం ఆపి చూస్తున్నారు. రోడ్డు సౌకర్యార్థం, యజమానులందరి సమ్మతితో అని ఉంది.

"నేను పెట్టను మామయ్యగారూ" అన్నాను.

అత్తయ్య చట్నీ గిన్నె పట్టుకుని నిలబడింది. "ఇంకో ఇడ్లీ వేసుకుంటారా?" అంది, ఎవర్ని అడిగిందో తెలియదు.

"మన చెట్టు ఎలాగూ లేదుగా, నీకెందుకు?" అన్నారు మా ఆయన.

"అందుకేనండి. పోతే ఎలా ఉంటుందో నాకే తెలుసు."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నీ ఒక్కదాని సంతకం లేకపోతే పని ఆగదు. మిగతావాళ్ళంతా పెడుతున్నారు."

ఆ మాటే నన్ను బయటికి పంపించింది. మిగతావాళ్ళంటే ఎవరు? ఇళ్ళన్నీ మీటింగులో కూర్చున్న మగవాళ్ళ పేరు మీదే ఉన్నాయా? ఆ మధ్యాహ్నం వంట ముగించి చెప్పులేసుకుంటుంటే అత్తయ్య వచ్చింది. "ఎక్కడికి?" అంది. చెప్పాను. కాసేపు గుమ్మంలో నిలబడి, తన చెప్పులు కూడా తీసి కింద వేసింది. "ఒక్కదానివే తిరిగితే ఈ హైమావతి కోడలు ఊరి మీద పడిందంటారు. నేనూ వస్తాను."

ముందు ఎదురింటి ఏసమ్మగారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త డేనియల్‌గారు అసోసియేషన్ సెక్రటరీ. ఆవిడ మమ్మల్ని హాల్లో కూర్చోమన్నారు. "వంటింట్లోకే వస్తామండీ" అన్నాను. అక్కడ నిలబడ్డాక అడిగాను. "ఈ ఇల్లు ఎవరి పేరు మీద ఉందండీ?"

ఆవిడ నవ్వింది. "నా జీతంతో కట్టిన ఇల్లమ్మా. నా పేరు మీదే. పొద్దున్న మా ఆయన సంతకం పెట్టమన్నారు, కళ్ళజోడు కనబడలేదని చెప్పాను." కిటికీలోంచి వాళ్ళ చెట్టు కనబడుతోంది. మా చెట్టు పోయాక గంగరత్నం దాని కిందకి మారింది. ఆ పొద్దున్న నన్ను చూసి, "ఇంట్లో ఉండే తల్లివి, నీకెలా కొట్టిందమ్మా ఎండ?" అని నా చెయ్యి పట్టుకుని చూసింది. మెయిన్ రోడ్డు వైపు ఇళ్ళకి పోవడం మానేశానని, అటు చెట్లు కొట్టేశాక కాళ్ళు నిలవడం లేదని చెప్పింది. వాళ్ళెవరూ ఆవిడ ఎందుకు రావడం లేదో అడగలేదట.

అత్తయ్య ఆ చెట్టునే చూస్తూ అంది: "ఇవన్నీ అసోసియేషన్ నాటించిందని మీ మామయ్యగారు చెబుతుంటారు. ఇళ్ళు కట్టిన కొత్తలో ఇక్కడంతా వరిమళ్ళు పూడ్చిన మట్టి, ఒక్క నీడ లేదు. నేనూ పక్కింటి రాఘవమ్మా ఈ మొక్కలు తెచ్చి పెట్టి, కాలవ నుంచి బిందెలతో మోసి పోశాం. అప్పటికి అసోసియేషన్ అనే మాటే లేదు." ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "ఎవరడిగారు?" అంది.

చివరింటి ఉమామహేశ్వరిగారు మాత్రం చెట్లు వద్దనే అన్నారు. బాపట్ల దగ్గర తుఫాను తీరం దాటిన రోజు కొమ్మ విరిగి వాళ్ళ కరెంటు తీగల మీద పడింది, మంచాన ఉన్న అత్తగారితో చీకట్లో గడిపారు. ఆవిడ భయం ఉత్తిది కాదు. "తీగలకి తగిలే కొమ్మలు వానలకి ముందే కొట్టిద్దామండీ, చెట్టు మొత్తం తీస్తే ఎలా?" అన్నాను. టైల్స్ పరిస్తే వాననీళ్ళు దిగవని, అవి పరిచిన పక్క వీధిలోలాగే గుమ్మాల్లోకి వస్తాయని చెప్పాను. కుండీలో మొక్క చెట్టంత పని చేయలేదని, ఈ రోజు పెట్టిన మొక్క నీడనివ్వడానికి ఏళ్ళు పడుతుందని, ఎండలు అన్నేళ్ళు ఆగవని చెప్పాను. ఆవిడ వింటూ పప్పు రుబ్బుతోంది. మాట్లాడుతున్నంతసేపూ మాకు ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి. పక్క గదిలోంచి ఏసీ చల్లగాలి తలుపు సందులోంచి సన్నగా పాదాలకి తగులుతోంది. "ఇల్లు ఎవరి పేరు మీద ఉందండీ?" అని అడిగితే, మిక్సీ ఆపి ఆలోచించింది. "ఏమో. ఎప్పుడో సంతకాలైతే పెట్టాను" అంది.

మళ్ళీ మర్నాడూ తిరిగాం. ప్రతి ఇంట్లోనూ వంటింట్లోనే నిలబడి మాట్లాడాం. కొన్ని ఇళ్ళలో నేను హాలు దాటి లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. కొందరు కుదరదన్నారు, ఆయనతో చెప్పలేమన్నారు. ఒకావిడ గుమ్మంలోనే మాట్లాడి పంపించేసింది. కానీ లోను కోసమో, పన్ను కోసమో, మరిదితో వాటాల గొడవ వల్లో, మా వీధిలో సగానికి పైగా ఇళ్ళు ఆడవాళ్ళ పేర్ల మీదే ఉన్నాయి. మేం జెండాలు పట్టుకోలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. కాగితం వచ్చినప్పుడు ఒక్కొక్కరూ ఎవరింట్లో వాళ్ళు పెట్టం అన్నారు, అంతే. ఉమామహేశ్వరిగారు కొమ్మలు కొట్టించాకే మాట్లాడదామన్నారట. ఆ వారం చివరికి డేనియల్‌గారు వచ్చి టైల్స్ పని వాయిదా వేశామని, కొమ్మలు కొట్టడానికి మనుషుల్ని పిలుస్తున్నామని మామయ్యగారికి చెప్పి వెళ్ళారు. మామయ్యగారు నాతో మాట్లాడటం మానేశారు. కాఫీ కావాలంటే అత్తయ్యతో చెబుతారు. అత్తయ్య నాతో చెప్పదు, తనే కలిపి ఇస్తోంది.

మా ఆయన రెండు రోజులు మామూలుగానే ఉన్నారు. మూడో రోజు సాయంత్రం షాపు నుంచి పెందలాడే వచ్చి, నేరుగా వంటింట్లోకే వచ్చారు. ఫ్రిజ్‌లో నీళ్ళ కోసం తప్ప ఆయన అక్కడికి రారు. నేను రాత్రికి బెండకాయలు తరుగుతున్నాను.

"బజారులో నలుగురూ నవ్వుతున్నారు" అన్నారు. "పున్నారావుగారింట్లో పెత్తనం కోడలిదట అని."

నేను తరుగుతూనే ఉన్నాను.

"ఇల్లు నీ పేరు మీద పెట్టింది నమ్మి పెట్టాను నీరజా. దానికి నువ్వు చేసింది ఇదా?" నవ్వుతున్నట్టు అన్నారు: "రేపు నన్ను కూడా పొమ్మంటావేమో."

ఈ మాటకి మా ఇళ్ళలో జవాబు సిద్ధంగా ఉంటుంది. అవేం మాటలండీ అనాలి. చేతిలో పని వదిలేసి అనాలి, వీలైతే కళ్ళల్లో నీళ్ళు కూడా రావాలి. ఆ మాట నా నాలుక దాకా వచ్చింది. ఆయన దానికోసం ఎదురు చూస్తున్నారు. నేను అనలేదు. ఎప్పుడూ పొమ్మనాలని అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. అయినా అనలేదు. నాకు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. షాపు లైసెన్సు గురించి, ఇక నుంచి పొద్దున్నపూట నేను షాపులో కూర్చుని రైతులతో నేనే మాట్లాడటం గురించి, వసారాలో ఆ మూడు డబ్బాల గురించి, గేటు పక్కన ఖాళీగా ఉన్న చోటు గురించి. అవన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాను.

ఆయన వింటున్నారు. కిటికీలోంచి ఎండ ఆయన భుజం మీదుగా గోడ మీద పడుతోంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. చేత్తో గట్టు పట్టుకుని వెంటనే తీసేశారు.

"ఇక్కడ ఊపిరాడటం లేదు. హాల్లోకి రా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు.

నేను మూలనున్న స్టూలు లాగి, కిటికీ ఎదురుగా ఆయన దగ్గర వేశాను.

"ఇక్కడే కూర్చోండి" అన్నాను. "నేను చెప్పేది ఇంకా చాలా ఉంది."